సంక్రాంతికి కలుద్దామా వద్దా: మా బ్యాచ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈరోజు 2022 జనవరి 12. పండక్కి ఇంకో రెండు దినాలు ఉండాది, కరోనా చూస్తే మళ్ళీ ఎక్కువైతాండాది. మాది అనంతపురంలో డిగ్రీ చదివిన బ్యాచ్, తొమ్మిది మందిమి, ఇప్పుడు ఒకడు బెంగళూరు, ఒకడు హైదరాబాదు, ఒకామె కర్నూల్లో టీచరు, ఒకడు పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ, మిగిలినోళ్ళం ఊర్లోనే. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారి ఉగాదికి ఒకసారి, ఎవరెక్కడున్నా వచ్చి కలవాల్సిందే. నాది మెడికల్ షాపు కాబట్టి ఎవరికి డౌటొచ్చినా నాకే ఫోను, పొద్దన ఒకరికి చెప్పిందే మధ్యాహ్నం ఇంకొకరికి చెప్పాల, ఆ పక్క గిరాకీ నిలబడి నా మొహం చూస్తా ఉంటాది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడ్తాండా. నేను డాక్టర్ని కాదు, రెండేండ్లు కౌంటర్ వెనక నిలబడి చూసినోణ్ణి, అంతే. మా మాదిరి బ్యాచ్‌లు ఇంకా ఉంటే వాళ్ళకీ పనికొస్తాదేమో.

ఇంతకీ కలుస్తాండామా లేదా? ఒక్క ముక్కలో చెప్పు

కలుస్తాండాం. కనుమ నాడు ఆదివారం, పొద్దన పది నుంచి సాయంత్రం నాలుగు దాకా, గార్లదిన్నె దగ్గర మనోడి చీనీ (బత్తాయి) తోటలో. ముందు అనుకున్న గండికోట ట్రిప్పు లేదు, రూములు లేవు, రాత్రి నిద్ర లేదు. వచ్చేవాళ్ళు రావచ్చు, రానోళ్ళు రాకపోవచ్చు.

గండికోట ఎందుకు కాన్సిల్ చేసినావప్పా, అదీ బయలే కదా, గాలి బాగా వస్తాది కదా?

గండికోటతో నాకేం తగువు లేదు. పెన్నా లోయ అంచున నిలబడితే వచ్చే గాలికి చొక్కానే నిలవదు, ఇంగ వైరస్ ఏం నిలుస్తాది. తగువంతా యాడంటే పోయేటప్పుడు కార్లో, రాత్రి రూములో.

దీనికి పోయినేడు సంగతి చెప్పాల, బ్యాచ్‌లో అందరికీ తెలిసిందే అయినా ఒకసారి రాసి పెడ్తా. 2021 ఉగాది ముందు శని ఆదివారాలు, అంటే ఏప్రిల్ 10, 11. అప్పటికి సెకండ్ వేవ్ పేపర్లో వస్తాండాది గానీ మన ఊర్లో ఇంకా ఎవరూ పట్టించుకోలేదు, ఫస్ట్ వేవ్ దాటేసినాం ఇంగేముందిలే అనే ధీమా. ఏడు మందిమి ఒక ఇన్నోవాలో తాడిపత్రి మీదుగా పోయినాం. ఎండకి ఏసీ వేసి అద్దాలన్నీ ఎత్తినాం. నాకు శుక్రవారం రాత్రి నుంచే గొంతు గరగర. షాపులో ఫ్రిజ్ నీళ్ళు తాగినా కదా అదే అనుకున్నా. రోజూ పొద్దన్నుంచి రాత్రి దాకా దగ్గే జనాల ముందర నిలబడేవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాది చెప్పండి. తెలుసు. చెప్తే ట్రిప్పు ఆగిపోతాదని చెప్పలే. జేబులో రెండు డోలో పెట్టుకుని ఎక్కినా.

మాధవరాయ గుడి చూసినాం, ధాన్యం కొట్టు చూసినాం, జుమ్మా మసీదు మెట్ల మీద కూర్చుని ఫోటోలు దిగినాం. ఆ రాత్రి ఒకే రూములో ఏడు మందిమి, తలుపేసుకుని, పేకాట. బుధవారానికి నాకు వాసన పోయింది. షాపులో అమృతాంజనం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా, ఏమీ లేదు, నీళ్ళ సీసా వాసన చూసినట్లుంది. శుక్రవారానికి ఏడు మందిలో అయిదు మందికి జ్వరం. మాకెవరికీ పెద్దగా కాలేదు. మన స్టీలు షాపోడి నాన్నకి అయింది. మార్చి 1 నుంచే 60 దాటినోళ్ళకి టీకా వేస్తాండారు, ఆయన ఉగాది అయినాక వేయించుకుంటాలే అన్నాడంట. పంతొమ్మిది దినాలు ఆసుపత్రి, అందులో పదకొండు దినాలు ఆక్సిజన్. ఇంటికొచ్చినాడు, దేవుడి దయ. ఇప్పటికీ మేడ మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో గోడ పట్టుకుని నిలబడ్తాడు, నేను కనపడితే మాత్రం నిలబడడు, గబగబా ఎక్కేస్తాడు, నాకు బాధ కాకూడదని. ఆ ఎక్కడం చూడలేకనే నేను వాళ్ళింటికి పోవడం తగ్గించినా.

అందుకని గండికోట కాన్సిల్.

రెండు డోసులు వేసుకున్నాం కదా, ఇంగేం భయం?

టీకా వేసుకుంటే ప్రాణం మీదికి రాకుండా ఆపుతాది, ఆసుపత్రి పాలు కాకుండా శానా వరకు ఆపుతాది. అంటుకోకుండా మాత్రం పూర్తిగా ఆపలేదు, అందులోనూ ఈ ఒమిక్రాన్ అనే కొత్త రకం కరోనా రెండు డోసులు వేసుకున్నోళ్ళకి కూడా అంటుకుంటాండాది, వాళ్ళ నుంచి ఇంకొకరికి పోతాండాది. మనకి 18 దాటినోళ్ళకని మే 1 నుంచి అన్నారు గానీ స్టాకు వచ్చి మన వంతు వచ్చేసరికి ఎన్ని నెలలైందో మీకే తెలుసు, ఆపైన కోవిషీల్డ్ రెండో డోసుకి 12 నుంచి 16 వారాలు గ్యాప్ పెట్టిరి. పెద్దోళ్ళు మనకంటే ముందు వేసుకున్నారు, అంటే వాళ్ళ బలమే ముందు తగ్గుతా వస్తాది. మొన్న 10వ తారీకు నుంచి 60 దాటి షుగర్, బీపీ, గుండె జబ్బు ఉండేవాళ్ళకి మూడోది వేస్తాండారు, ప్రికాషన్ డోసు అంటాండారు. రెండోది వేసుకుని తొమ్మిది నెలలు నిండాల. మీ ఇంట్లో లెక్క చూసుకోండి, పండగ హడావుడిలో మరిచిపోవద్దు. "పండగ అయినాక చూద్దాంలే" అనే మాట నాకిప్పుడు వినపడితే చెవులు మూసుకోబుద్ధి అయితాది.

ఒమిక్రాన్ మామూలు జలుబేనంట కదా?

నీకు జలుబే. నువ్వు రాత్రి ఇంటికి పోయి పక్కన కూర్చుని అన్నం తినే మీ అమ్మకి ఏమయితాదో నాకు తెలీదు, నీకూ తెలీదు. మనం తొమ్మిది మందిమి కలిస్తే కలిసేది తొమ్మిది మంది కాదప్పా, తొమ్మిది ఇండ్లు. నేను కూర్చుని లెక్క వేసినా, మన తొమ్మిది ఇండ్లల్లో 60 దాటినోళ్ళు పదకొండు మంది ఉండారు, అయిదేండ్ల లోపల పిల్లోళ్ళు నలుగురు, ఒకామె కడుపుతో ఉంది. ఇదే నా లెక్కంతా, ఇంగే లెక్కా లేదు. ట్రిప్పు ప్లాన్ చేసేటప్పుడు ఎంతమంది వస్తాండారు అని కాదు అడగాల్సింది, ఎవరెవరి ఇంట్లో ఎవరుండారు అని.

తోటలో అయితే రాదా?

రాదని కాదు, తక్కువ. ఇంట్లో సాంబ్రాణి వేసి తలుపులు మూసి చూడండి, గంట సేపటికి కూడా వాసన ఆడనే ఉంటాది. అదే మిద్దె మీద వేయండి, పక్కన నిలబడినోడికి కూడా సరిగా తగలదు. మనం మాట్లాడినా, పాడినా, గట్టిగా నవ్వినా నోట్లో నుంచి వచ్చేది అట్లనే గాల్లో తేలతాది. మొదట్లో మనమంతా ఏం చేసినాం, పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగినాం, కూరగాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టినాం, నోట్లకి ఇస్త్రీ చేసినోళ్ళని కూడా నేను చూసినా (మా వీధిలోనే, పేరు చెప్పను). కిటికీలు మాత్రం ఎవరూ తెరవలే. 2020లో నేను అమ్మిన శానిటైజర్‌కి లెక్కే లేదు, ఆ డబ్బుతో ఇంటికి రెండు కిటికీలు పెద్దవి పెట్టించుకోని ఉంటే ఎక్కువ మేలు జరిగేది అనిపిస్తాది ఇప్పుడు. చేతులు కడుక్కోవద్దని కాదు, కడుక్కోండి, అన్నం ముందర ఎట్లాగూ కడుక్కుంటాం కదా.

బెంగళూరు వాడు ఎట్ల వస్తాడు?

వాళ్ళకి వీకెండ్ కర్ఫ్యూ పెట్టినారు, శుక్రవారం రాత్రి 10 నుంచి సోమవారం పొద్దన 5 దాకా. వాడు శుక్రవారం పొద్దన్నే బయలుదేరి సోమవారం తెల్లారినాక తిరిగి పోతాడు, సొంత కారు, ఒక్కడే. కర్ణాటక బార్డర్‌లో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 2020 మార్చిలో పడిన అగచాట్లు వాడు ఇంకా మరచిపోలేదు. 24 రాత్రి 8 గంటలకి ప్రకటన, 12 నుంచి లాక్‌డౌన్, నాలుగు గంటల్లో వాడు యాడికి పోవాల. హైదరాబాదు వాడు రావట్లేదు, వాడిది ఇంకో భయం, మధ్యలో రూల్సు మారితే ఇక్కడే ఇరుక్కుంటానని. అది ఉత్త భయం కాదు. పోయినేడు మే నెలలో కర్నూలు దాటి తెలంగాణ బార్డర్‌లో పుల్లూరు టోల్ దగ్గర పేషెంట్లతో పోయే అంబులెన్సులనే ఆపినారు, హైకోర్టు దాకా పోతే గానీ తెగలేదు. మన దగ్గర నైట్ కర్ఫ్యూ 18 నుంచి, రాత్రి 11 నుంచి పొద్దన 5 దాకా, పండగని వెనక్కి జరిపినారు. వైరస్ కూడా పండగ అయ్యేదాకా ఆగుతాదేమో చూద్దాం.

గార్లదిన్నెకి అందరం ఒకే కార్లో పోతే డీజిల్ కలిసొస్తాది కదా?

మళ్ళీ ఇన్నోవానా. వద్దు. బండ్ల మీద వచ్చేవాళ్ళు బండ్ల మీద రాండి, కార్లో అయితే ఒక్క కారుకి ముగ్గురు, ఏసీ బంద్, అద్దాలు దించాల, కనీసం ముందర ఒకటి, దానికి ఎదురు మూల వెనకది ఒకటి దించితే గాలి అడ్డంగా పారతాది. జనవరి పొద్దన చలి ఉంటాది, మఫ్లర్ కట్టుకోండి. బస్సులో వచ్చేవాళ్ళు కిటికీ సీటు పట్టుకుని ఎన్95 వేసుకోండి, గడ్డం కింద కాదు, ముక్కు మీద. ఆ గుడ్డ మాస్కులు నా దగ్గర కూడా మిగిలిపోయినాయి, ఎవరికైనా గ్లాసులు తుడుచుకోవడానికి కావాలంటే ఊరికే ఇస్తా.

టెస్టు చేసుకుని రావాలా? ఎప్పుడు?

ఆదివారం పొద్దన్నే, బయలుదేరే ముందర. శుక్రవారం చేసుకున్న టెస్టు ఆదివారానికి పనికిరాదు, మధ్యలో రెండు దినాల్లో ఏమైనా కావచ్చు. ఆర్టీపీసీఆర్ గట్టి టెస్టే, కానీ రిజల్ట్ వచ్చేసరికి మన సంగటి చల్లారిపోతాది. ఇంట్లో చేసుకునే కిట్టు ఉంది కదా, కోవిసెల్ఫ్, 250 రూపాయలు, 2021 మే నెలలోనే పర్మిషన్ వచ్చింది దానికి. పుల్ల రెండు ముక్కుల్లోకీ పెట్టి ఒక్కోదాంట్లో అయిదుసార్లు తిప్పి, ట్యూబులో ముంచి కలిపి, రెండు చుక్కలు ఆ బిళ్ళ మీద వేయాల, 15 నిమిషాలు ఆగి చూడాల. సి దగ్గర ఒక గీతే వస్తే నెగెటివ్, టి దగ్గర కూడా గీత వస్తే, ఎంత పలచగా ఉన్నా సరే, పాజిటివ్. 20 నిమిషాలు దాటినాక చూసిన గీతకి విలువ లేదు. మన టీచరమ్మ పోయినసారి కిట్టు వేసి పూజకి కూర్చుని గంట తర్వాత చూసుకుని ఏడ్చి ఫోన్ చేసింది, మళ్ళీ చేస్తే ఏమీ లేదు.

ఇంకో మాట, నెగెటివ్ వచ్చినా గొంతు గరగరా అంటే రావద్దు. కిట్టు మొదటి దినాల్లో పట్టుకోలేకపోవచ్చు. గొంతు చెప్పిందే నిజం అనుకోండి, నాకు పోయినేడు చెప్పింది, నేనే వినలే.

(కిట్లు నా దగ్గర ఉండాయి. కొన్న రేటుకే ఇస్తా. ఊరికే మాత్రం అడగొద్దండి, నాకూ పిల్లలుండారు.)

భోజనం సంగతేంది? తినేటప్పుడు మాస్కు తీయాల కదా

తీయాల. అందుకే తినేటప్పుడు ఎడంగా కూర్చుందాం, తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎట్లాగూ మంచి ఎడం ఉంటాది, ఒక్కో చెట్టు కింద ఒక్కో ఇంటోళ్ళు. మాట్లాడేదంతా తిన్నాక. పొద్దన ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం రాగి సంగటి నాటుకోడి పులుసు, తోట వాడి అమ్మ ఓళిగలు పంపిస్తానంది. వడ్డించేది ఒక్కడే, మాస్కు వేసుకుని, అది నేనే. ఒకే బాటిల్ తొమ్మిది మంది ఎత్తి తాగడం, ఒకడి ఆకులో ఇంకొకడు చెయ్యి పెట్టి ముక్క తీసుకోవడం, అది ఈసారికి లేదు. ఈ ముక్క లాక్కునేది లేకపోతే మన బ్యాచే కాదు అని పెనుకొండోడు బాధపడతాండాడు, వాడికి రెండు లెగ్ పీసులు వేస్తా.

పెండ్లిండ్లకి పిలుస్తాండారు, పోకపోతే తప్పు పడ్తారు, ఎట్ల?

ఇది శానామంది అడుగుతాండారు, పండగ పోతే ముహూర్తాలే కదా. 2020లో పెండ్లికి 50 మంది అన్నారు, పోయినేడు కర్ఫ్యూలో 20కి దించినారు. అప్పుడు రూలే మనకి అడ్డం నిలబడింది, "పిలవలేకపోయినాం" అని వాళ్ళకీ, "రాలేకపోయినాం" అని మనకీ మర్యాద మిగిలింది. ఇప్పుడు అంత గట్టి అడ్డం లేదు, మన నోటితో మనమే చెప్పుకోవాల. నేను చేసేది చెప్తా. ఇంటి ముందర చప్పరం వేసి చేసే పెండ్లి అయితే పోతా, ఏసీ హాలు అయితే తలంబ్రాల టైముకి లోపలికి పోయి అక్షింతలు వేసి బయటికొచ్చేస్తా, భోజనానికి కూర్చోను. హాల్లో పెండ్లి కంటే భోజనాల బంతే డేంజరు, రెండొందల మంది మాస్కులు తీసి ఒకరి మీద ఒకరు అరుస్తా ఉంటారు. చదివింపులు ఫోన్‌పేలో కొట్టి, పెండ్లికి రెండు దినాల ముందే ఫోన్ చేసి పెండ్లికొడుకు నాన్నతో చెప్తా: "మామా, ఇంట్లో అమ్మకి బాగలేదు, నేను ముందర్రోజు వచ్చి పందిట్లో కనపడి పోతా." ముందర్రోజు పోయి ఒక కుర్చీ అటు జరిపి ఇటు జరిపితే చాలు, ఆ మనిషి వచ్చినాడు పని చేసినాడు అని పదేండ్లు చెప్పుకుంటారు. పెండ్లి రోజు వెయ్యిమందిలో నువ్వొచ్చింది ఎవరు చూసినారు.

గుడికి పోవచ్చా?

జనం లేని గంటలో పో, పండగ రోజు పోవద్దు. 2020 నవంబర్ 20 నుంచి కర్నూల్లో తుంగభద్ర పుష్కరాలు జరిగినాయి, పన్నెండేండ్లకి ఒకసారి వచ్చేది, అయినా నదిలో మునకలకి పర్మిషన్ ఇవ్వలే. మా అత్త సంకల్‌బాగ్ ఘాట్‌కి పోయి నెత్తిన నీళ్ళు చల్లుకుని వచ్చింది. పుష్కరానికే అట్ల సర్దుకున్నాం.

ఇంత అతి అవసరమా? మన పెద్దోళ్ళు ఇవన్నీ చూసినారా?

చూసినారు. మా జేజి చెప్పేది, వాళ్ళమ్మ కాలంలో ప్లేగు వస్తే ఎలకలు రాలడం మొదలవ్వగానే ఊరు ఊరంతా ఇండ్లకి తడికెలు కట్టి చేన్లలోకి పోయి గుడిసెలు వేసుకున్నారంట, నెలల తరబడి. ఒక గుడిసెకీ ఇంకో గుడిసెకీ ఎడం పెట్టి. పిండి, ఉప్పు ఊరవతల బండ మీద పెట్టి పోతే ఇంకొకరు వచ్చి తీసుకునేవాళ్ళంట. వాళ్ళకి కిట్టు లేదు, టీకా అంటే ఏందో సరిగా తెలీదు, అయినా బయలు గాలికి పోవాల, ఎడంగా ఉండాల అని తెలుసు. నేను చెప్పేది చీనీ తోటకి రమ్మని, నెలల తరబడి గుడిసెలో ఉండమని కాదు.

నేను రాను అంటే ఏమనుకుంటారు?

ఏమనుకోము. రూలు ఒక్కటే పెట్టినా: రాను అన్నోణ్ణి ఎందుకు అని ఎవరూ అడగొద్దు. "మేమంతా వస్తాండాం నీకేం రోగం" అనొద్దు, "మీ ఆవిడ వద్దనిందా" అని జోకులు వద్దు. ఆ జోకులకి భయపడే కదా పోయినసారి గొంతు నొప్పి పెట్టుకుని నేను కారెక్కింది. ఆదివారం పొద్దన తొమ్మిదికి కూడా రాను అనొచ్చు, కోడి కోసినాక కూడా అనొచ్చు. డబ్బులు తిరిగి ఇస్తాం, మనిషికి 400 అనుకున్నాం, పెద్ద సంగతేం కాదు.

కలిసి వచ్చినాక ఎవరికైనా పాజిటివ్ వస్తే?

తెలిసిన గంటలోపల గ్రూపులో చెప్పాల, ఎవరినీ తిట్టేది లేదు. లక్షణం కనపడక ముందు రెండు దినాల నుంచే అంటించే అవకాశం ఉంటాది, కాబట్టి మంగళవారం జ్వరం వచ్చినా ఆదివారం కలిసినోళ్ళకి చెప్పాల్సిందే. అప్పుడు మిగిలినోళ్ళు ఇంట్లో పెద్దోళ్ళకి దూరంగా పడుకుంటారు, టెస్టు చేసుకుంటారు. కొత్త రూలు ప్రకారం పాజిటివ్ వచ్చినప్పటి నుంచి ఏడు దినాలు ఇంట్లో ఉండాల, చివరి మూడు దినాలు వరుసగా జ్వరం లేకుండా ఉండాల. ఆక్సీమీటరు వేలికి పెట్టి చూస్తా ఉండండి, 94 కంటే కిందికి దిగినా, ఆయాసం వచ్చినా నాకు ఫోన్ చేయొద్దు, 104కో డాక్టరుకో చేయండి. నాకు ఫోన్ చేస్తే నేను ధైర్యం చెప్తా, ధైర్యంతో ఆక్సిజన్ పెరగదు. ఆ స్టీరాయిడ్ మాత్రలు మాత్రం ఎవడో వాట్సాప్‌లో పంపినాడని మొదటి రోజే ఇమ్మని నా కౌంటర్ దగ్గరికి రావద్దు, ఇవ్వను.

వీడియో కాల్ పెట్టుకుంటే పోలే?

2020లో పెట్టినాం కదప్పా, నలభై నిమిషాలు "వినపడ్తాందా" "వినపడ్తాందా" అని అరుచుకున్నాం. పోలే.

ఏమేం తెచ్చుకోవాల?

ఎవరి గ్లాసు వాళ్ళు, స్టీలుది, అడుగున పేరు గోళ్ళ రంగుతో రాసుకుని. ఎవరి చాప వాళ్ళు. చీనీ కాయలు తోటలోవే, సంచి తెచ్చుకుంటే ఇంటికి తీసుకుపోవచ్చు.

స్టీలు షాపోడు వస్తాండాడా?

రావట్లేదు, నాన్నని వదిలి రాను అన్నాడు. నాలుగింటికి తోట నుంచి బయలుదేరి అందరం వాళ్ళింటి మీదుగా పోతాం. సంగటి, పులుసు, నాలుగు ఓళిగలు క్యారియర్‌లో పెట్టి గేటు కొక్కేనికి తగిలిస్తా. వాడూ వాళ్ళ నాన్నా మేడ మీద నిలబడ్తామన్నారు, మనం రోడ్డు మీద నిలబడి మాట్లాడొచ్చు. నాలుగున్నరకే మెట్లెక్కి కూర్చుంటానన్నాడంట ఆయన, మేం వచ్చే లోపల, నిదానంగా.